పేరుని బట్టి ఫైళ్లను ఏరుకోవడం

(పాత పత్రికలను స్కాన్ చేసి భద్రపరిచే వాలంటీర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. తెర మీద చూపిన కమాండ్లను వక్త నోటితో చెప్పినట్టుగానే తెలుగులో రాశాం.)

అందరికీ నమస్కారం.

పొద్దున మాట్లాడిన పెద్దలు స్కానర్ కింద పుస్తకం ఎలా పరచాలి, పెళుసుబారిన కాగితం చిట్లకుండా ఎలా తిప్పాలి అన్నది చక్కగా చెప్పారు. నాకు అప్పగించింది ఆ తర్వాతి పని. స్కాన్ అయిపోయింది, ఫోల్డర్లో నాలుగు వేల ఫైళ్లు పడున్నాయి. అందులోంచి ఒక్క చైత్రమాసం సంచిక పుటలు మాత్రం వేరే చోటికి కాపీ చెయ్యాలి. ఏం చేస్తాం? కంట్రోల్ నొక్కి పట్టుకుని ఒక్కోటీ క్లిక్ చేసుకుంటూ పోతాం. మధ్యలో వేలు జారితే ఎంచుకున్నవన్నీ పోతాయి, మళ్లీ మొదటినుంచి. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఈ పని చేసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. ఆ శ్రమ మీకు తప్పాలన్నదే నా కోరిక.

దీనికి పెద్ద ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. మూడు గుర్తులు తెలిస్తే చాలు. నక్షత్రం, అంటే మనం స్టార్ అనే * గుర్తు: ఆ చోట ఏమున్నా సరే, ఎన్ని అక్షరాలున్నా సరే, ఏమీ లేకపోయినా సరే. ప్రశ్నార్థకం ? అంటే కచ్చితంగా ఒక్క గుర్తు. చదరపు బ్రాకెట్లు [ ] అంటే లోపల రాసినవాటిలో ఏదో ఒకటి. 'చైత్రం_*.టిఫ్' అంటే చైత్రం అని మొదలై, గీత ఉండి, చివర టిఫ్ (స్కాన్ చేసిన బొమ్మల ఫైలు రకం) ఉన్న ఫైళ్లన్నీ. 'చైత్రం_00[1-5].టిఫ్' అంటే మొదటి అయిదు పుటలు. గుర్తుల పాఠం ఇంతే, అయిపోయింది. వీటిని గ్లాబ్ అంటారు. గ్లోబల్ అన్న మాటకి పొట్టిరూపం.

కష్టమంతా వేరే చోట ఉంది. ఈ గుర్తులు ఎవరు చదువుతారు? ఎప్పుడు చదువుతారు? ఇది తెలియక జరిగే నష్టాలే ఎక్కువ. అందుకని ఇక్కడ కాసేపు ఆగుదాం.

మీరు టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, 'ఎల్ఎస్ చైత్రం*' అని కొట్టారనుకోండి. ఎల్ఎస్ అంటే ఫైళ్ల పేర్లు చూపించే కమాండు. ఎల్ఎస్ అనే ప్రోగ్రామే ఆ నక్షత్రాన్ని చూసి ఫైళ్లు వెతుకుతుందని అందరం అనుకుంటాం. కాదు. ఎల్ఎస్‌కి అసలు నక్షత్రమే కనబడదు. మధ్యలో షెల్ అని ఒకటుంటుంది, మనం వాడేది బాష్. ముందు ఆ బాష్ డైరెక్టరీలోకి, అంటే ఫోల్డర్లోకి వెళ్లి, సరిపోయే పేర్లన్నీ ఏరి, నక్షత్రం ఉన్న చోట ఆ పేర్లు వరసగా పెట్టి, అప్పుడు ఎల్ఎస్‌ని పిలుస్తుంది. పెళ్లికి 'సకుటుంబంగా రండి' అని శుభలేఖ పంపుతాం. ఆ ఇంటి పెద్ద ఎవరెవరు వస్తారో తేల్చి పేర్లు చెబితేనే వంటవాడికి లెక్క తెలుస్తుంది. వంటవాడికి శుభలేఖ అందదు, పేర్లు మాత్రమే అందుతాయి. ఎల్ఎస్ ఆ వంటవాడు.

ఇది మొదటినుంచీ ఇలాగే ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి 1971 నవంబరులో వచ్చిన మొట్టమొదటి మాన్యువల్లోనే గ్లాబ్ ఉంది. అప్పుడది షెల్లో భాగం కాదు, విడిగా ఒక చిన్న ప్రోగ్రామ్. కమాండులో నక్షత్రమో ప్రశ్నార్థకమో కనబడగానే షెల్ ఆ పని గ్లాబ్‌కి అప్పగించేది. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో పాటు వచ్చిన బోర్న్ షెల్ ఆ పనిని తన లోపలికి తీసుకుంది. మనం వాడే బాష్ ఆ వంశంలోదే.

షెల్ ముందే పేర్లు పరిచేస్తుందన్న సంగతి మనకి రెండు విధాల పనికొస్తుంది. ఒకటి, ప్రతి ప్రోగ్రామూ నక్షత్రాన్ని అర్థం చేసుకోవాల్సిన పని లేదు కాబట్టి, మీరు రేపు రాసే పది లైన్ల స్క్రిప్టుకి, అంటే కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలుకి కూడా ఈ సౌకర్యం ఉచితంగా వస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ప్రమాదకరమైన కమాండు కొట్టేముందు దాని బదులు 'ఎకో' అని కొట్టి చూడొచ్చు. ఎకో ఏమీ చెయ్యదు, తనకి అందినవి తెర మీద చూపిస్తుంది, అంతే. చెరిపే కమాండుకి ఏ పేర్లు అందబోతున్నాయో అవే పేర్లు ఎకోకి అందుతాయి. కాబట్టి ముందు ఎకో, కళ్లతో చూసుకోవడం, ఆ తర్వాతే ఎకో తీసేసి ఆర్ఎమ్, అంటే చెరిపే కమాండు.

ఇది నేను నేర్చుకున్న తీరు చెబుతాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక పెద్దాయన ఇంట్లో పాత మాసపత్రికల బౌండు సంపుటి స్కాన్ చేశాం. సరిగా రాని పుటలకి పేరు చివర '_పాత' అని తగిలించి, మళ్లీ స్కాన్ చేశాం. రెండ్రోజుల తర్వాత ఆ పాతవి తీసెయ్యాలి. కొట్టాల్సింది 'ఆర్ఎమ్', ఖాళీ, '*_పాత.టిఫ్'. నేను కొట్టింది 'ఆర్ఎమ్', ఖాళీ, '*', ఇంకో ఖాళీ, '_పాత.టిఫ్'. ఒక్క ఖాళీ ఎక్కువ పడింది. షెల్ దాన్ని రెండు మాటలుగా చదివింది. మొదటిది ఒంటరి నక్షత్రం, అంటే ఫోల్డర్లో ఉన్న ప్రతి ఫైలూ. రెండోది '_పాత.టిఫ్' అనే ఫైలు, అలాంటిది లేదు. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది, '_పాత.టిఫ్' అనే ఫైలు లేదని. ఆ వాక్యం వచ్చేసరికే మిగిలినవన్నీ వెళ్లిపోయాయి.

సంపుటి ఇంకా ఆయన దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ వెళ్లాం. ఆయన ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చి సంపుటి చేతికిచ్చారు. కానీ మొదటిసారి తిప్పినప్పుడు నిలిచిన అంచులు రెండోసారికి నిలవలేదు. మొత్తం మీద ఏడు పుటల్లో చివరి అక్షరాలు పొడిపొడిగా రాలి బల్ల మీద పడ్డాయి. ఆ ఏడు పుటల చివరి మాటలు ఇప్పుడు ఎక్కడా లేవు. మనం పట్టుకునే కాగితాలకి రెండో అవకాశం ఉండదు. మన స్క్రిప్టుల్లో ఎకో తప్పనిసరి అని నేను అనేది దీనివల్లే.

ఇప్పుడు స్క్రిప్టు దగ్గరికి వద్దాం. మనం రాసే స్క్రిప్టుల్లో నూటికి తొంభై ఒకే అచ్చులో ఉంటాయి. 'ఫర్ ఫైలు ఇన్ చైత్రం_*.టిఫ్', ఆ తర్వాత ఒక్కో ఫైలుకీ చెయ్యాల్సిన పని, 'డన్'. దీన్నే లూపు అంటాం. దీంట్లో మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, సరిపోయే ఫైలు ఒక్కటీ లేకపోతే? ఏమీ చెయ్యకుండా ఊరుకుంటుందనుకుంటాం. బాష్ ఊరుకోదు. పేరు దొరక్కపోతే నమూనానే పేరుగా ఉంచేస్తుంది. అంటే లూపు ఒకసారి తిరుగుతుంది, ఫైలు పేరు 'చైత్రం_*.టిఫ్' అని, నక్షత్రంతో సహా. అలాంటి ఫైలు లేదంటూ లోపలి కమాండు గోల పెడుతుంది. అది అదృష్టం. కొత్త ఫైలు తయారుచేసే కమాండు అయితే నిజంగానే నక్షత్రం ఉన్న పేరుతో ఒక ఖాళీ ఫైలు పుడుతుంది, ఆ తర్వాత దాన్ని తీసెయ్యడం మరో గండం. బాష్‌లో నల్‌గ్లాబ్ అని ఒక అమరిక ఉంది, అది పెడితే ఏమీ దొరకనప్పుడు లూపు తిరగనే తిరగదు. స్క్రిప్టు మొదట్లోనే పెట్టుకోండి. మ్యాక్ వాడేవాళ్లకి 2019 నుంచి మామూలుగా వచ్చే షెల్ జీషెల్, అది ఏమీ దొరక్కపోతే తప్పు చూపించి ఆగిపోతుంది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

రెండోది ఖాళీలు. 'ఉగాది సంచిక.టిఫ్' అని మధ్యలో ఖాళీ పెట్టి పేరు రాశారు. నక్షత్రం ఆ పేరుని ముక్కలు చెయ్యకుండా సరిగ్గానే పట్టుకుంటుంది. కానీ లూపు లోపల ఆ పేరున్న వేరియబుల్‌ని కొటేషన్లు లేకుండా వాడితే షెల్ దాన్ని 'ఉగాది', 'సంచిక.టిఫ్' అని రెండుగా చీలుస్తుంది. అదే ఫోల్డర్లో ఉగాది అని వేరే ఫైలు ఉంటే? దాని మీద పడుతుంది దెబ్బ. వేరియబుల్ కనబడితే చుట్టూ డబుల్ కొటేషన్లు. ఆలోచించకండి, అలవాటు చేసుకోండి.

మూడోది చాలామంది ఊహించరు. యూనిక్స్‌లో ఫైలు పేరులో ఉండకూడనివి రెండే రెండు: ఏటవాలు గీత (/), సున్నా బైటు. మిగతావన్నీ ఉండొచ్చు. కొత్త లైను కూడా ఉండొచ్చు. పేరు అడ్డగీతతో (-) మొదలవ్వొచ్చు. అడ్డగీతతో మొదలైన పేరు నక్షత్రంలో వచ్చి కమాండు ముందు కూర్చుంటే, ఆ కమాండు దాన్ని పేరు అనుకోదు, తనకిచ్చిన ఆప్షన్ అనుకుంటుంది. అందుకే ఒంటరిగా '*' రాయకుండా './*' అని రాయడం మంచిది. అప్పుడు ప్రతి పేరూ చుక్కతో, ఏటవాలు గీతతో మొదలవుతుంది కాబట్టి ఆ గందరగోళం రాదు.

చుక్క అన్నాను కాబట్టి ఒక ముక్క. చుక్కతో మొదలయ్యే పేర్లని నక్షత్రం పట్టుకోదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ దీని పుట్టుక చెప్పారు. ప్రతి డైరెక్టరీలోనూ ఉండే ఒక చుక్క, రెండు చుక్కల పేర్లు ఎల్ఎస్‌లో కనబడకుండా చెయ్యాలని, మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని పొట్టిగా రాశారట. దాంతో చుక్కతో మొదలయ్యే ఏ పేరైనా దాగిపోవడం మొదలైంది. మనకి ఇది ఎక్కడ తగులుతుందంటే, మ్యాక్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫోల్డర్లలో ప్రతి ఫైలుకీ జతగా చుక్క, గీతతో మొదలయ్యే చిన్న ఫైలు ఒకటి తయారవుతుంటుంది. షెల్లో లెక్కపెడితే నూరు, ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో డైరెక్టరీ మొత్తం చదివితే రెండు నూర్లు. లెక్క కుదరకపోతే ముందు వాటి కోసం చూడండి.

ఇక మన అసలు సంగతి. ఇంతవరకూ చెప్పింది ఏ దేశంలోనైనా, ఏ భాషవాళ్లకైనా ఒకటే. మనం ఫైళ్లకి తెలుగులో పేర్లు పెడుతున్నాం. పెట్టాలి కూడా. కానీ కంప్యూటరు తెలుగు పేరుని మనం చదివినట్టు చదవదు.

'సీత' అని రాస్తే మనకి రెండక్షరాలు. కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో మూడు: స, దీర్ఘపు గుడి, త. ప్రశ్నార్థకం పట్టుకునేది మన అక్షరాన్ని కాదు, యూనికోడ్‌లోని ఒక్కో గుర్తుని. కాబట్టి సీతని పట్టుకోవాలంటే మూడు ప్రశ్నార్థకాలు కావాలి. 'స్త్రీ' మనకి ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు. ఇంకా చూడండి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు తీసుకుంటుంది. మీరు స్క్రిప్టుని రోజూ రాత్రి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టారనుకోండి, చాలా మెషీన్లలో అక్కడ భాష అమరిక ఏమీ ఉండదు. అప్పుడు బాష్ గుర్తుల్ని కాక బైట్లని లెక్కపెడుతుంది. అదే స్త్రీకి పద్దెనిమిది ప్రశ్నార్థకాలు కావాలి. పగలు మీ చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్టు రాత్రి పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం. అందుకే తెలుగు భాగంలో ప్రశ్నార్థకం వాడొద్దంటాను. అంకెల దగ్గర వాడండి, తెలుగు మాట దగ్గర నక్షత్రమే వాడండి.

నక్షత్రంతో మనకో వరం కూడా ఉంది. గుణింతపు గుర్తులు, ఒత్తులు హల్లు తర్వాతే నిల్వ అవుతాయి కాబట్టి 'క*' అని కొడితే క గుణింతం మొత్తం, క్ర, క్ష వంటి సంయుక్తాలతో సహా వచ్చేస్తుంది. అకారాదిగా పేర్లు పెట్టుకున్న నిఘంటువు పుటలకి ఇది ఎంత హాయో.

పేర్ల పొడవు సంగతీ ఇక్కడే చెప్పాలి. లినక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి, ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో అది 255 అక్షరాలు. మనకి 85 గుర్తులు. వ్యాసం పూర్తి శీర్షిక, రచయిత పేరు, సంచిక వివరం అన్నీ ఒకే పేరులో ఇమడ్చాలంటే ఈ 85 ఇట్టే అయిపోతాయి.

ఇప్పుడు కంటికి కనబడనివి. 'జూన్' అన్న మాట ఉంది. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనబడని గుర్తు ఒకటి పెడతాయి. తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి వాడే శూన్య వెడల్పు గుర్తు అది. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలంటే అది కావాల్సిందే. కానీ జూన్ చివర అది అక్కర్లేదు. ఉన్నా కనబడదు. మా జట్టులో ఇద్దరు పేర్లు కొట్టేవారు, ఒకరి కీబోర్డు దాన్ని పెట్టేది, ఒకరిది పెట్టేది కాదు. 'జూన్_*' అని వెతికితే సగం పుటలే వచ్చాయి. తెర మీద పేర్లు పక్కపక్కన పెట్టి చూశాం, అక్షరం అక్షరం ఒకటే. మధ్యాహ్నమంతా పోయింది దానికి. చివరికి పేరుని బైట్లుగా విడగొట్టి చూస్తే ఒకదాంట్లో మూడు బైట్లు ఎక్కువున్నాయి.

ఇంకోటి. తెలుగు అంకె సున్నా, పూర్ణానుస్వారపు సున్నా, రెండూ గుండ్రమే. కొందరు 'సంచిక'లో అనుస్వారం బదులు తెలుగు అంకె సున్నా కొడతారు. తెర మీద తేడా తెలియడం కష్టం. నమూనాకి మాత్రం అవి రెండు వేరే మాటలు.

అన్నిటికన్నా మనల్ని ఇబ్బంది పెట్టింది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా. రెండూ ఒకటేనని యూనికోడ్ నియమం చెబుతుంది, కానీ బైట్లు వేరు. పాత మ్యాక్ డిస్కుల ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లన్నిటినీ విడగొట్టిన రూపంలోనే దాచుకునేది. అలాంటి మ్యాక్ మీద జిప్ చేసి పంపిన ఫోల్డరుని లినక్స్‌లో విప్పితే పేర్లు విడివిడి రూపంలోనే దిగుతాయి. ఇప్పుడు మన నెలల పేర్లు తలుచుకోండి. చైత్రం. వైశాఖం. రెండింట్లోనూ ఐత్వం! మిగిలిన పది నెలలూ పలికి, ఏడాదికి మొదటి రెండు నెలలూ మాయమైతే ఎవరికైనా ఏమనిపిస్తుంది? స్కాన్ చెయ్యడం మరిచిపోయామనే అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

దీనికి విరుగుడు పైథాన్‌లో ఉంది. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్లో నార్మలైజ్ అని ఒక పని ఉంటుంది, ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చమంటే ఐత్వాలన్నీ ఒకే గుర్తుగా కలిసిపోతాయి. ఫైళ్లు మన చేతికి రాగానే అన్ని పేర్లనీ ఒకసారి దీని గుండా పంపి తిరిగి పేరు పెట్టండి. అయితే అది కనబడని శూన్య వెడల్పు గుర్తుని తియ్యదు, తెలుగు అంకె సున్నాని మార్చదు. ఆ రెండిటికీ స్క్రిప్టులో విడిగా రెండు లైన్లు రాయాలి.

(సభలోంచి: ఇంగ్లీషులో పేర్లు పెట్టేస్తే ఈ బాధ ఉండదు కదండీ?)

ఉండదమ్మా. కానీ వేరే బాధ వస్తుంది. శ్రావణంలో శ ఎలా రాయాలి, భాద్రపదంలో ద తర్వాత ర ఎలా రాయాలి, ఆషాఢంలో ఢ ఎలా రాయాలి అన్నది నలుగురు వాలంటీర్లు నాలుగు రకాలుగా రాస్తారు. తెలుగులో వచ్చే తేడాల్ని స్క్రిప్టు సరిచెయ్యగలదు, దానికి నియమముంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే వచ్చే తేడాలకి నియమమే లేదు. ఇంకో మాట. పత్రిక తెలుగుది, చదివేవాడు తెలుగువాడు, పేరు మాత్రం పరాయి లిపిలో ఎందుకుండాలి?

ఇక వరస గురించి. నమూనా ఏ ఫైళ్లని పట్టుకుంటుందన్నది ఒక సంగతి, ఏ వరసలో అందిస్తుందన్నది వేరే సంగతి. బాష్ పేర్లని అక్షరక్రమంలో ఇస్తుంది. అక్షరక్రమంలో మన నెలలు ఎలా వస్తాయో వినండి. ఆశ్వయుజం, ఆషాఢం, కార్తీకం, చైత్రం, జ్యేష్ఠం, పుష్యం, ఫాల్గుణం, భాద్రపదం, మాఘం, మార్గశిరం, వైశాఖం, శ్రావణం. దసరా ముందొచ్చి ఉగాది తర్వాత వస్తోంది. ఈ వరసలో పుటలు కలిపి పీడీఎఫ్ చేస్తే ధారావాహిక నవల చదివేవాడి గతేమిటి? పుటల అంకెలూ అంతే, 2 కన్నా 10 ముందొస్తుంది. అందుకే 002, 010 అని సున్నాలు ముందు పెట్టాలి.

బాష్ కనీసం ఏదో ఒక వరసలో ఇస్తుంది. పైథాన్‌లోని గ్లాబ్ ఆ హామీ కూడా ఇవ్వదు. డిస్కు ఏ వరసలో ఇస్తే ఆ వరసే. ఇది చిన్న సంగతిలా కనబడుతుంది. 2019లో హవాయి విశ్వవిద్యాలయంలో జరిగింది చెబుతాను. అక్కడ ఫిలిప్ విలియమ్స్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడి బృందం సయనోబ్యాక్టీరియా నుంచి తీసిన పదార్థాల మీద పనిచేస్తోంది. అణువుల నిర్మాణం తేల్చడానికి వాడే ఎన్ఎమ్ఆర్ విలువలు లెక్కగట్టడానికి 2014లో ప్రచురితమైన పైథాన్ స్క్రిప్టుల్ని వాడారు. యుహెంగ్ లువో అనే విద్యార్థి ఆ లెక్క మళ్లీ చేస్తే జవాబు వేరేగా వచ్చింది. అవే ఫైళ్లు, అదే స్క్రిప్టు. వేరే వేరే కంప్యూటర్ల మీద నడిపి చూశారు. విండోస్ 10 మీద, మ్యాక్ పాత వెర్షన్ మావరిక్స్ మీద సరైన విలువ వచ్చింది. ఉబుంటు లినక్స్ మీద, మ్యాక్ తర్వాతి వెర్షన్ మొహావీ మీద తప్పు విలువలు వచ్చాయి.

కారణం వరస. స్క్రిప్టు గ్లాబ్‌తో ఫైళ్ల జాబితా తెచ్చుకుని, అవి పేర్ల క్రమంలోనే ఉంటాయని నమ్మి లెక్క చేసింది. విండోస్ డిస్కు, పాత మ్యాక్ డిస్కు పేర్లని క్రమంలోనే దాచుకుంటాయి కాబట్టి అక్కడ కుదిరింది. ఈఎక్స్‌టీ4, మొహావీ వాడే కొత్త ఏపీఎఫ్ఎస్ అలా దాచుకోవు. అక్కడ కుదరలేదు. ఆ స్క్రిప్టుల మీద ఆధారపడిన 100కి పైగా పరిశోధన పత్రాల్లో తప్పులు ఉండొచ్చని అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ స్క్రిప్టు రాసినవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్ల మెషీన్ మీద అది సరిగ్గానే పనిచేసింది. సరిచెయ్యడానికి పట్టింది ఒక్క మాట, 'సార్టెడ్'. గ్లాబ్ చుట్టూ ఆ మాట చుట్టేస్తే చాలు. మీరు పైథాన్‌లో గ్లాబ్ అని రాసినప్పుడల్లా ముందు సార్టెడ్ అని రాసి బ్రాకెట్ తెరిచాకే గ్లాబ్ రాయండి.

పేర్లు ఎలా పెట్టాలో నా పద్ధతి చెబుతాను. '1924_01_చైత్రం_003.టిఫ్'. ముందు ఉగాది వచ్చిన ఇంగ్లీషు సంవత్సరం, తర్వాత నెల సంఖ్య, తర్వాత నెల పేరు, తర్వాత పుట. 1924 ఉగాదికి మొదలైంది రక్తాక్షి. సంవత్సరం పేరే పెట్టొచ్చు కదా అంటారు. అరవై ఏళ్లకి రక్తాక్షి మళ్లీ వస్తుంది, 1984లోనూ రక్తాక్షే. అందుకని అంకెలే మేలు. సంవత్సరం పేరు కావాలంటే ఫోల్డరుకి పెట్టండి. పేరు ఇలా పెడితే నమూనాలో ఐత్వం రాయాల్సిన పనే లేదు, '1924_01_*' అంటే చైత్రం మొత్తం వచ్చేస్తుంది. మంచి పేరు పెడితే నమూనా పొట్టిదవుతుంది. పేరు గజిబిజి అయితే ఎంత తెలివైన నమూనా రాసినా ఏదో ఒకటి జారిపోతుంది.

(సభలోంచి: విండోస్‌లో కూడా ఇవే గుర్తులు పనిచేస్తాయా?)

గుర్తులు అవే, నడక వేరు. విండోస్ పాత కమాండ్ తెరలో షెల్ పేర్లు పరచదు, నక్షత్రాన్ని ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్‌కి ఇచ్చేస్తుంది. ఇందాకటి ఎకో పరీక్ష అక్కడ పనికిరాదు, 'డిఐఆర్'తో చూసుకోవాలి. ఇంకో ప్రమాదం ఉంది, స్కానింగ్ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. టిఫ్ ఫైళ్లకి చివర ఎఫ్ ఒకటి ఉండొచ్చు, రెండు ఉండొచ్చు. పాత డాస్ కాలంలో పేరుకి ఎనిమిది, చివరి భాగానికి మూడు అక్షరాలే ఉండేవి. ఆ పొట్టి పేర్లని విండోస్ కొన్ని డిస్కుల మీద లోపల ఇంకా తయారుచేస్తూనే ఉంటుంది. కాబట్టి ఒక ఎఫ్ ఉన్నవి చెరిపెయ్యమంటే, పొట్టి పేరులో సరిపోయాయని రెండు ఎఫ్‌లు ఉన్నవి కూడా చెరిగిపోవచ్చు. లినక్స్‌లో దీనికి పూర్తిగా ఎదురు: ఒక ఎఫ్ అంటే ఒక ఎఫ్పే. పెద్దబడి అక్షరాల్లో ఉన్నా పట్టుకోదు, కొన్ని స్కానర్లు పెద్దబడిలోనే పెడతాయి. చివరి భాగం మొత్తం ఒకే రకంగా మార్చుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

(సభలోంచి: ఫైళ్లు మరీ ఎక్కువైతే 'ఆర్గ్యుమెంట్ లిస్టు పొడవైంది' అని వస్తోంది.)

అవును. షెల్ పేర్లన్నీ పరిచి ప్రోగ్రామ్‌కి ఇస్తుందన్నాను కదా, ఆ మూటకి ఒక హద్దు ఉంది. మామూలు లినక్స్‌లో దాదాపు రెండు మెగాబైట్లు. తెలుగు పేర్లు ఒక్కో గుర్తుకీ మూడేసి బైట్లు తింటాయి కాబట్టి ఆ హద్దు మనకి తొందరగా వస్తుంది. ఫర్ లూపులో పెడితే ఒక్కో పేరే బయటికి వెళుతుంది, ఆ హద్దు తగలదు. లేదంటే 'ఫైండ్' వాడండి, అది లోపలి ఫోల్డర్లలో కూడా వెతుకుతుంది. ఫైండ్‌కి నమూనా ఇచ్చేటప్పుడు మాత్రం కొటేషన్లలో పెట్టాలి. లేకపోతే షెల్ ముందే దాన్ని పరిచేస్తుంది.

(సభలోంచి, ఒక పెద్దావిడ: అధికమాసం వస్తే మీ పన్నెండు అంకెలు సరిపోవు కదా బాబూ?)

చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. మాకూ వచ్చింది. పదమూడు అని పెడితే అధిక ఆషాఢం ఫాల్గుణం తర్వాతకి పోతుంది. అందుకని సంఖ్య మార్చకుండా పక్కన ఒక్క అక్షరం పెట్టాం. అధిక ఆషాఢానికి '04అ', నిజ ఆషాఢానికి '04న'. యూనికోడ్‌లో అ ముందు, న తర్వాత, కాబట్టి పంచాంగంలో లాగే అధికం ముందొచ్చి నిజం తర్వాత వస్తుంది. అధికమాసం లేని ఏడాది ఉత్త '04'. రెండూ కావాలంటే '04' తర్వాత గీత పెట్టకుండా నేరుగా నక్షత్రం పెట్టండి, ఒక్కటే కావాలంటే ఆ అక్షరం చేర్చండి. సరే, ఇప్పుడు అందరూ లాప్‌టాప్‌లు తెరవండి. మీకిచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆషాఢం పుటలు నలభై ఉన్నాయి, వాటిలో కొన్ని పేర్లు కావాలనే పాడుచేసి పెట్టాను. ముందు ఎకోతో మొదలుపెట్టండి, ఎన్ని వచ్చాయో చెప్పండి.